రెండవ భాగం చిన్న పిల్లలకు తగునా?



ఈ పేజీలో సినిమాను గూర్చి వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. కానీ సెల్‌ఫోను వచ్చిన తరువాత సినిమా హాలు మన ఇంటి అరుగు మీదికే వచ్చింది. "బొమ్మల సినిమాయే గదా" అని తల్లి వంటపనిలో పడుతుంది, తండ్రి పొలానికి వెళ్తాడు, నాలుగేళ్ల పాప ఒక్కతే చూస్తూ కూర్చుంటుంది. కనుక మన పిల్లలు ఇష్టపడే "ఫ్రోజెన్ 2"ను ఈసారి పరిశీలిద్దాం.

డిస్నీ సంస్థ మొదటి "ఫ్రోజెన్"ను 2013లో, రెండవ భాగాన్ని 2019 నవంబరులో విడుదల చేసింది. రెండవది తెలుగు మాటలతో కూడా వచ్చింది. ఎల్సా పాత్రకు నిత్యా మీనన్, చిన్ననాటి ఎల్సాకు నటుడు మహేష్ బాబు కుమార్తె సితార గొంతు ఇచ్చారు. ఎండలకు పేరుపడిన మన రామగుండం పిల్లలకు కూడా మంచు రాణి ఇంటి మనిషి అయిపోయింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 2013లో అయిదేళ్లున్న పిల్లవాడు 2019 నాటికి పదకొండేళ్లవాడయ్యాడు. రెండవ భాగం కథ కూడా అలాగే పెద్దదయింది. మన ఇంట్లో చిన్నది మాత్రం రెండు భాగాలనూ ఒకే పూట చూస్తుంది. అమెరికాలో రెండింటికీ పెద్దల సలహాతో చూడాలని ఒకే "పి.జి." గుర్తు ఇచ్చారు. మన దేశంలో 2024 నిబంధనల ప్రకారం "యు.ఎ." సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్ల పైబడినవారికని మూడు తరగతులు చేశారు. అది మంచిదే. అయితే ఆ గుర్తుకు మీ బిడ్డ స్వభావం తెలియదు. చీకటికి జడిసే పిల్ల ఎవరో, జడవని పిల్లవాడెవడో తల్లికే తెలుసు.

ఇక కథలో ఏమున్నది? ఎల్సాకు ఎక్కడినుండో ఒక పిలుపు వినిపిస్తుంది. చెల్లెలు ఆన్నాతోను, స్నేహితులతోను పొగమంచు కమ్మిన అడవికి వెళ్తుంది. అక్కడ కొండలంత రాతి మనుషులు అడుగు వేస్తే నేల అదురుతుంది. తలిదండ్రులు ఓడ మునిగి చనిపోయిన సంగతి అక్కాచెల్లెండ్రకు మళ్లీ ఎదురవుతుంది. పిల్లలందరికీ ప్రియమైన ఓలాఫ్ అనే మంచుబొమ్మ ఆన్నా చేతుల్లోనే కరిగి రేణువులై పోతుంది. అక్క కూడా పోయిందనుకొని ఆన్నా ఒంటరిగా దుఃఖిస్తుంది. చివరికి ఓలాఫ్ తిరిగి వస్తుంది గాని, నాలుగేళ్ల బిడ్డ ఆ చివరి వరకు ఏడ్పు ఆపుకోగలదా? ఈమధ్యనే ఇంట్లో తాతనో, నాయనమ్మనో పోగొట్టుకొన్న పిల్లలైతే మరీ జాగ్రత్త. "మన తాత కూడా మళ్లీ వస్తాడా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చినప్పుడు ప్రక్కన మీరుండాలి.

ఆనకట్ట తెగి వరద విరుచుకుపడే దృశ్యం కూడా ఉన్నది. 2022 జూలైలో గోదావరి పొంగి మంథనిలో ఇళ్లు మునగడం కళ్లారా చూసిన పిల్లలకు అది వట్టి బొమ్మ కాదు. జనం ముందే ఎత్తైన చోటికి చేరారనీ, ఎల్సా వరదను ఆపుతుందనీ ముందుగా చెప్పి చూపించండి.

అయినను ఈ సినిమాలో మేము మెచ్చుకొన్న విషయం ఆ ఆనకట్ట దగ్గరే ఉన్నది. తాత అయిన రాజు అడవి ప్రజలకు దానిని కానుక అని చెప్పి కట్టించాడు. నిజానికి అది వారిని బలహీనపరచడానికే. వారి నాయకుణ్ణి కూడా ఆయనే చంపాడు. ఈ సత్యం తెలిసిన మనవరాలు ఆన్నా తన రాజ్యం మునిగిపోతుందేమోనని తెలిసీ ఆనకట్టను పడగొట్టిస్తుంది. అన్యాయంగా తీసుకొన్నదానిని నాలుగంతలుగా తిరిగి ఇస్తానన్న జక్కయ్య మనకు గుర్తురావాలి. హద్దు రాయి జరిపి సంపాదించిన గుంట భూమి మనలో ఎవరి ఇంటనైనా ఉన్న యెడల, పిల్లలకంటే ముందు పెద్దలే ఆలోచించవలసిన కథ ఇది. ఆనకట్టలన్నీ చెడ్డవని మాత్రం పిల్లలు అనుకోకూడదు. శ్రీరాంసాగర్ కాలువ నీటితో మన వరి పండుతున్నది. ఎల్లంపల్లి ప్రాజెక్టు కొరకు ఊరు విడిచిన కుటుంబాల బాధ కూడా వారికి చెప్పండి. రెండూ నిజమే.

గాలి, నిప్పు, నీరు, భూమి వీటికి ఆత్మలున్నట్లు ఈ కథలో చూపిస్తారు. విశ్వాసుల ఇంట్లో ఇది అడగదగిన ప్రశ్నే. ఇందుకోసం టి.వి. కట్టివేయనక్కరలేదు. ఇది కల్పిత కథ అని చెప్పి, మార్కు సువార్త 4వ అధ్యాయంలో గాలి, సముద్రం ఎవరి మాటకు లోబడ్డాయో ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో చదివించండి. పిల్లలు తేడా తేలికగానే గ్రహిస్తారు.

మా సలహా ఇది. అయిదేళ్లలోపు పిల్లలకు రెండవ భాగం ఇప్పుడే వద్దు. ఆరు నుండి ఎనిమిదేళ్ల వారు పెద్దల ప్రక్కన కూర్చుని చూడవచ్చు. తొమ్మిదేళ్లు దాటినవారు చూసి, తరువాత మీతో మాట్లాడాలి. సినిమా నిడివి 1 గంట 43 నిమిషాలు. ఒక్కసారే ముగించనక్కరలేదు, సగం నేడు, సగం రేపు చూపించండి. ముందుగా మీరు చూడండి. బిడ్డ కళ్లు మూసుకొంటే ఆపివేయండి, "భయమెందుకురా" అని నవ్వవద్దు.

బియ్యంలో రాళ్లేరకుండా ఏ తల్లీ ఎసట్లో పోయదు. బిడ్డ మనస్సులోనికి వెళ్లేదానికి కూడా ఆపాటి శ్రద్ధ చూపుదాం.