ఘాట్ రోడ్డుకు రాత్రిపూట గేటు వేయవలసిందే

భద్రాచలంలో రామదర్శనం చేసుకొని, చింతూరు, మారేడుమిల్లి మీదుగా అన్నవరం వెళ్లడం యాత్రికులకు అలవాటైన మార్గం. పగటివేళ ఆ అడవి అందం చూచి తీరవలసినదే. కాని ఆ దారి పేరు వినగానే నాకు రెండు ప్రమాదాలు గుర్తుకు వస్తాయి. 2019 అక్టోబరులో కర్ణాటక యాత్రికుల వాహనం వాల్మీకి కొండ సమీపంలో లోయలో పడింది. 2025 డిసెంబరు 12న, తెల్లవారకముందే, చిత్తూరు జిల్లా నుండి వచ్చిన యాత్రికుల బస్సు తులసిపాక సమీపంలో పడిపోయి తొమ్మిది మంది మరణించారు. రెండూ దూరప్రాంతపు వాహనాలే.

ఈ రెండింటి కారణాలను నిర్ణయించడం నా పని కాదు. అయితే వైద్యునిగా ఒక విషయం చెప్పగలను. రాత్రి రెండు గంటల నుండి ఉదయం ఆరు గంటల వరకు మన మెదడు నిద్రనే కోరుకొంటుంది. టీ త్రాగినా, ముఖం కడుగుకొన్నా ఆ కోరిక పూర్తిగా పోదు. కళ్లు తెరిచి ఉండగానే మూడు నాలుగు సెకన్లపాటు మెదడు నిద్రలోకి జారుతుంది. ఆ సంగతి డ్రైవరుకే తెలియదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు మూడు సెకన్లలో ముప్పైమూడు మీటర్లు ముందుకు పోతుంది. మలుపు అంత దూరం ఉంటుందా?

ఈ విషయంలో నేనూ తప్పు చేసినవాడినే. చింతూరు ఖమ్మం జిల్లాలో ఉన్న రోజులలో, మరునాటి సమావేశానికి అందుకోవాలని, పగలంతా తిరిగిన జీపు డ్రైవరును రాత్రి కూడా నడపమన్నాను. అతడు "సరే సార్" అన్నాడు. కాదనగల స్థితిలో అతడు లేడని నాకు అప్పుడు తోచలేదు. ఒకచోట చక్రం రోడ్డు దిగిన కుదుపుకు ఇద్దరమూ మేలుకొన్నాము. అవును, ఇద్దరమూ!

శ్రీశైలం వెళ్లే అడవి దారిలో మన్ననూరు వద్ద రాత్రి తొమ్మిది నుండి ఉదయం ఆరు వరకు గేటు మూసివేస్తారు. పులుల కోసం చేసిన ఆ ఏర్పాటుకు అందరమూ అలవాటు పడ్డాము. మనుషుల కోసం ఇక్కడ కూడా అట్టి గేటు ఏడాది పొడవునా ఎందుకు ఉండరాదు? అంబులెన్సులకు, ఆ కొండలలో నివసించే గిరిజనులకు మినహాయింపు తప్పనిసరి. గేటు వద్ద మరుగుదొడ్లు, నడుము వాల్చే చోటు ఉండాలి. లేకుంటే ఆ నియమం నాలుగు నాళ్లకే గాలికి పోతుంది.

గేటుతోనే అన్నీ తీరవని నాకు తెలుసు. దిగేటప్పుడు బ్రేకును అదేపనిగా తొక్కితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. తక్కువ గేరులోనే దిగాలి; ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలి. మైదానంలో ఎంత అనుభవమున్నా కొండ దారి కొత్తే.

ప్రమాదం జరిగితే మరొక చిక్కు. ఆ ఘాట్‌లో చాలాచోట్ల ఫోను సిగ్నలు అందదు. 108 ఉన్నా పిలిచే దారి ఉండదు. నాలుగైదు మలుపులకు ఒకటి చొప్పున అత్యవసర ఫోను పెట్టడం ప్రభుత్వానికి భారమేమీ కాదు. మీరు అక్కడ తటస్థపడితే, రక్తం కారుతున్న చోట శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టండి. మెడ కదలనీయకండి. నీళ్లు త్రాగించకండి. చలిలో రక్తం గడ్డకట్టడం మందగిస్తుంది గనుక దుప్పటి కప్పండి. పోలీసు కేసు భయం వద్దు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టం సాయం చేసినవారికి రక్షణ కల్పించింది.

యాత్రకు బస్సు మాట్లాడుకొనేటప్పుడు మనము అద్దె బేరమాడుతాము, సీట్లు చూస్తాము. రెండవ డ్రైవరు ఉన్నాడా, నిన్న రాత్రి మొదటి డ్రైవరు ఎక్కడ పడుకొన్నాడు అని అడిగినవారిని నేను చూడలేదు. భద్రాచలంలో ఒక రాత్రి గది అద్దె మిగుల్చుకోవడానికే చాలామంది చీకటిలో బయలుదేరుతారు. ఈసారి ఆ గది తీసుకొనండి. డ్రైవరుకు కూడా ఒక మంచం చూపించండి.