పెట్టుబడి వస్తే గొడవలు పోతాయా? బోగన్‌విల్‌ను చూడండి

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

పోయిన వారం మా కాలేజీకి ఒక సార్ వచ్చి ఉపన్యాసం ఇచ్చారు. "ఏజెన్సీలో అశాంతి పోవాలంటే విదేశీ పెట్టుబడి రావాలి. కంపెనీ వస్తే ఉద్యోగాలొస్తాయి, ఉద్యోగాలొస్తే తుపాకులు పోతాయి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడిని నేనే, అంత పెద్దాయన చెప్తే తప్పు ఉంటుందని తోచలేదు.

రాత్రి హాస్టల్లో పడుకున్నాక మా నాన్న గుర్తొచ్చాడు. పోయిన వేసవిలో మా పక్క ఊరి కొండ మీద ఎవరో సర్వే చేసి, రాళ్లకు ఎర్ర రంగు గుర్తులు పెట్టి వెళ్లారు. తర్వాత ఒక మీటింగ్ పెట్టి, హాజరు కోసమని అందరి వేలిముద్రలు తీసుకున్నారు. ఆ కాగితంలో ఏముందో ఇప్పటికీ మా నాన్నకు తెలీదు. "నువ్వు చదువుకుంటున్నావు కదరా, కనుక్కో" అన్నాడు. నేనేమో ఇక్కడ చప్పట్లు కొడుతున్నాను.

అందుకే సార్ మాట నిజమో కాదో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. అలా దొరికిందే బోగన్‌విల్ కథ. పాపువా న్యూ గినీ దేశంలో అదొక దీవి. అక్కడివాళ్లూ మనలాగే కొండనీ, గెడ్డనీ నమ్ముకుని బతికినవాళ్లు. చాలా తెగల్లో భూమి తల్లి నుంచి కూతురికి వస్తుంది. 1960లలో పంగునా అనే చోట రాగి, బంగారం ఉన్నాయని తేలింది. అప్పటికి ఆ ప్రాంతం ఆస్ట్రేలియా పాలనలో ఉంది. భూమి మీదే గానీ కింద ఉన్న ఖనిజం మీది కాదని చట్టం చెప్పింది. 1969లో రొరోవానా ఆడవాళ్లు సర్వే రాళ్లకు అడ్డం నిలబడ్డారు, పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో వాళ్లను చెదరగొట్టారు. అదే ఏడు ఊరివాళ్లు ఆస్ట్రేలియా హైకోర్టు దాకా వెళ్లి ఓడిపోయారు. అప్పటికి ఎవరి చేతిలోనూ తుపాకీ లేదని గుర్తుపెట్టుకోండి.

1972లో గని మొదలైంది. రియో టింటో గ్రూపు కంపెనీ పెట్టుబడి, ప్రపంచంలోని పెద్ద రాగి గనుల్లో ఒకటి. రోడ్లు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి, కొందరికి మంచి చదువులూ వచ్చాయి. అబద్ధం చెప్పను, సార్ చెప్పినవన్నీ వచ్చాయి. కానీ వంద కోట్ల టన్నులకు పైగా గని వ్యర్థం కావెరోంగ్, జాబా నదుల్లోకి పోయింది. చేపలు పోయాయి, ఒడ్డు తోటలు బురద కింద పోయాయి. సొమ్ములో సుమారు 60 శాతం దేశ ప్రభుత్వానికి పోయింది, విదేశీ వాటాదారులకు దాదాపు మూడో వంతు పోయింది. భూమి సొంతదారులకు 2 శాతం కూడా రాలేదు.

1975లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. మన పాలకులే వచ్చారు కదా, ఇక మారుతుందని అనుకుంటాం. మారలేదు. దేశ ఎగుమతుల్లో 40 శాతానికి పైగా ఆ ఒక్క గని నుంచే పోతున్నాయి. నా వాదన అంతా ఇక్కడే ఉంది. ఒక కొండ మీద ప్రభుత్వం బతకడం మొదలుపెడితే, ఆ కొండ మీది మనుషుల మాట దానికి ఫిర్యాదులా వినపడదు, తిరుగుబాటులా వినపడుతుంది. గనిని కాపాడటమే దేశాన్ని కాపాడటం అయిపోతుంది.

ఫ్రాన్సిస్ ఓనా అదే గనిలో పనిచేసిన మనిషి. ఉద్యోగమొస్తే తుపాకీ పోతుందన్న సార్ లెక్క ప్రకారం ఆయన శాంతంగా ఉండాలి. నష్టపరిహారం, నదుల సంగతి అడిగి అడిగి విసిగిపోయి, 1988 చివర్లో ఆయన మనుషులు గనికి కరెంటు తెచ్చే స్తంభాలు పేల్చేశారు. పోలీసులు వచ్చారు, తర్వాత సైన్యం వచ్చింది, ఊళ్లు తగలబడ్డాయి. 1989 మేలో గని మూతపడింది. 1990 నుంచి ప్రభుత్వం దీవిని దిగ్బంధం చేసింది. మందులు లేవు, డీజిల్ లేక కొబ్బరినూనెతో బండ్లు నడిపారు. 1997లో ప్రభుత్వం శాండ్‌లైన్ అనే కంపెనీ నుంచి కిరాయి సైనికులను కూడా తెప్పించింది. దేశ సైన్యమే ఎదురు తిరగడంతో అది ఆగింది. పదేళ్ల యుద్ధంలో చచ్చిపోయినవాళ్లు 10 వేల నుంచి 20 వేల మంది అని అంచనాలు. దీవి జనాభా అప్పటికి సుమారు లక్షన్నర.

ఇది చదివి తుపాకీయే దారి అనుకునే తమ్ముళ్లకు ఒక మాట. ఆ తుపాకులు తర్వాత సొంత జనం మీదికే తిరిగాయి, తెగలు తెగలు కొట్టుకున్నాయి. దిగ్బంధంలో మందుల్లేక చచ్చిన పిల్లలు ఎవరి పక్షం? చివరికి తల్లులే అడవిలోకి వెళ్లి కొడుకులను ఒప్పించి వెనక్కి తెచ్చారు. 2001లో శాంతి ఒప్పందం అయింది. 2019లో ఓటు పెడితే దాదాపు 98 శాతం స్వాతంత్ర్యం కావాలన్నారు. రియో టింటో మాత్రం 2016లో తన వాటాలు వదిలేసి, శుభ్రం చేసే బాధ్యత తనది కాదంది. పోవడానికి కంపెనీకి తలుపు ఉంది. కొండకి లేదు.

విదేశీ పెట్టుబడి వచ్చిన ప్రతి చోటా యుద్ధం వస్తుందని నేను అనట్లేదు. బట్టల ఫ్యాక్టరీకి ఊరంతా ప్రశాంతంగా ఉంటేనే లాభం, పనివాళ్లు రావాలి కదా. గనికి అలా కాదు. కంచె, రోడ్డు, ఓడరేవు, పోలీసు క్యాంపు ఉంటే చాలు, చుట్టూ ఊళ్లు ఏమైనా దాని పని సాగుతుంది. సార్ ఈ రెంటినీ ఒకే గాటన కట్టారు.

మన దగ్గరికి వద్దాం. 1997 సమత తీర్పు మన భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకి ఇవ్వకూడదంది. అయినా 2007లో రస్ అల్ ఖైమాతో మన విశాఖ ఏజెన్సీ బాక్సైట్ కోసం ఒప్పందం జరిగింది. ప్రభుత్వ సంస్థ తవ్వాలి, ఖనిజం కంపెనీకి ఇవ్వాలి, అదీ ఉపాయం. జనం గట్టిగా కాదన్నారు, సరఫరా ఒప్పందం రద్దయింది. అప్పుడు ఆ విదేశీ సంస్థ పెట్టుబడుల ఒప్పందం కింద భారత దేశం మీదే అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌కి వెళ్లింది. నష్టపోయాననుకున్న కంపెనీకి దేశాన్నే నిలదీసే చోటు ఉంది. వేలిముద్ర వేసిన మా నాన్నకి ఏ చోటు ఉంది? గ్రామసభ ఒక్కటే. దాన్ని కూడా హాజరు పట్టీగా మార్చేస్తున్నారు.

కాబట్టి సెలవులకి ఊరెళ్లే ప్రతి ఒక్కరికీ నా విన్నపం. పీసా చట్టం కింద గ్రామసభ పెట్టమని అడగండి. కాగితం తెలుగులో, మన భాషలో చదివి వినిపించమనండి. డబ్బు ఎవరిదో, నీళ్లు ఎటు పోతాయో, కంపెనీ వెళ్లిపోయాక గుంత ఎవరు పూడుస్తారో అడగండి. జవాబు రాకుండా ఎవరినీ వేలిముద్ర వేయనివ్వకండి. ఆడవాళ్లు రాకుండా సభ జరగనివ్వకండి.

ఈసారి ఆ సార్ వస్తే నేను చప్పట్లు కొట్టను, చెయ్యి ఎత్తుతాను. అంతకంటే ముందు ఆ కాగితం నకలు కోసం సమాచార హక్కు దరఖాస్తు పెడుతున్నాను. రాయడం తెలిసిన అన్నలు, అక్కలు కామెంట్లో సాయం చేయండి.

జై ఆదివాసీ.