పదివేల రెట్ల పండు

లక్ష్మణఫలం మొక్కకు ఈమధ్య నర్సరీల్లో మంచి గిరాకీ. ఆకులు ఎండబెట్టి, పొడి కొట్టి ప్యాకెట్లలో అమ్మేవాళ్లూ ఉన్నారు. దీనికంతటికీ మూలం వాట్సాప్‌లో తిరిగే ఒక్క ముక్క: ‘కీమోథెరపీ కన్నా పదివేల రెట్లు పవర్‌ఫుల్’. అది పూర్తిగా గాలి కబురైతే కొట్టిపారేయొచ్చు. కానీ కాదు. 1996లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ పండు గింజల నుంచి తీసిన ఒక పదార్థం, పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద అడ్రియామైసిన్ అనే కీమో మందు కన్నా పదివేల రెట్లు ఘాటుగా పనిచేసిందని రాశారు. అయితే అది గింజల్లోని పదార్థం, మనవాళ్లు తాగుతున్నది ఆకుల కషాయం. పరీక్ష జరిగింది ల్యాబులో పెంచిన కణాల మీద, మనుషుల మీద కాదు.

ఆ పరీక్ష చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. 96 చిన్న గుంటలున్న అరచేతంత ప్లాస్టిక్ పలక. గుంటకు కొన్నివేల క్యాన్సర్ కణాలు, పైన మొక్క సారం. రెండు మూడు రోజులాగి పసుపుపచ్చటి రసాయనం ఒకటి కలుపుతారు. బతికున్న కణాలు దాన్ని ఊదారంగులోకి మారుస్తాయి, చచ్చినవి మార్చలేవు. ఊదారంగు ఎంత తగ్గితే సారం అంత పనిచేసినట్టు లెక్క. చవకైన జల్లెడ, పనికొచ్చేదే. కానీ ఆ గుంటలో ఉప్పు ఎక్కువేసినా కణాలు చస్తాయి. సారం మామూలు కణాలను వదిలేస్తుందా, మింగితే రక్తంలోకి చేరుతుందా, లివర్ దాన్ని మిగలనిస్తుందా? వీటికి ఆ పలక దగ్గర జవాబు లేదు. పసుపులోని కర్క్యుమిన్ గుంటల్లో ఘనంగా నెగ్గింది, ఒంట్లో మాత్రం సరిగా ఇంకదు.

అలాగని మొక్కల్లో మందు లేదనను. పెరట్లో పూసే బిళ్ళగన్నేరునే చూడండి. 1952లో జమైకా నుంచి ఒక కవరులో పాతిక ఆకులు కెనడా చేరాయి, అక్కడ షుగరుకు వీటి టీ తాగుతారన్న కబురుతో. అక్కడి పరిశోధకుడు రాబర్ట్ నోబుల్ ఎలుకలకు తాగిస్తే షుగరు తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే ఎలుకలు ఇన్ఫెక్షన్లు సోకి చచ్చిపోయాయి. చూస్తే తెల్ల రక్తకణాలు పడిపోయి ఉన్నాయి. రక్త క్యాన్సర్‌లో అదుపు తప్పి పెరిగేవి ఆ కణాలే కదా! ఆ ఆనవాలు పట్టుకుని నోబుల్, ఆయన సహచరుడు చార్లెస్ బీర్ 1958 నాటికి క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్‌ను విడదీశారు. అదే మొక్కలోని విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సకు అది నేటికీ ముఖ్యమైన మందే. గ్రాము మందు తీయాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి. పెద్దవాళ్లకైనా ఒక విడతకు మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు, ఎక్కువైతే నరాలు దెబ్బతింటాయి. అలాంటిదాన్ని గ్లాసులో పోసుకుని తాగే కషాయంతో ఎలా కొలుస్తాం?

మన విశ్వవిద్యాలయాల్లో, ఫార్మసీ కాలేజీల్లో ఎన్నో మొక్కలు ఆ పలక ఎక్కుతాయి. చాలావాటి కథ ఒక పరిశోధనపత్రంతో, ఒక పీహెచ్‌డీతో ముగుస్తుంది. మర్నాడు మా పత్రికలు ‘క్యాన్సర్‌కు ఫలానా ఆకుతో చెక్’ అని అచ్చేస్తాయి. పలక మీద కణాలు చచ్చాయన్నది మొదటి మెట్టే. మరో మొక్క నుంచి వచ్చిన క్యాన్సర్ మందు టాక్సాల్ నిర్మాణాన్ని పరిశోధకులు మన్సుఖ్ వాని, మన్రో వాల్ 1971లో ప్రకటిస్తే, అది రోగికి అందే మందుగా 1992లో గానీ అనుమతి పొందలేదు. నడుమ గడిచిన ఆ ఇరవై ఒక్క ఏళ్ల పనికి మన దగ్గర డబ్బూ ఓపికా కావాలి. నాటువైద్యం గొప్పదని సభల్లో చెప్పే ప్రభుత్వాలు ముందు ఆ ఖర్చు పెట్టాలి.

ఈలోగా నష్టం రోగులదే. చికిత్స అందే దశలో ఉండి కూడా దాన్ని వదిలేసి ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకున్న 281 మందిని పరిశీలించిన అమెరికన్ అధ్యయనం 2018లో అచ్చయింది. మామూలు చికిత్స తీసుకున్నవారికన్నా వారికి చావు ముప్పు రెండున్నర రెట్లు. లక్ష్మణఫలం మీద మరో అనుమానమూ ఉంది: గ్వాడెలూప్ దీవిలో ఈ పండూ, ఆకుల టీ బాగా అలవాటున్నవాళ్లలో పార్కిన్సన్స్‌ను పోలిన నరాల జబ్బును 1999లో వైద్యులు గుర్తించారు.

మీ ఇంట్లో ఎవరైనా కీమో తీసుకుంటూ కషాయం కూడా తాగుతుంటే, వాళ్లను దెప్పకండి. ఆ ప్యాకెట్ పట్టుకెళ్లి క్యాన్సర్ డాక్టరుకు చూపించండి.