చప్పుడు చేయని కారు, మన స్కూల్ గేటు



ఈమధ్య పేరెంట్స్ మీటింగుల్లో ఒక సంగతి గమనిస్తున్నాను. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం అయిపోయాక, వరండాలో ఇద్దరు నాన్నలు కలిస్తే మాట్లాడుకునేది ర్యాంకుల గురించి కాదు. "మీ హైబ్రిడ్ ఎంత ఇస్తోందండీ?" అని. ఒకాయన 24 అంటారు. ఇంకొకాయన 18 కూడా దాటట్లేదంటారు. ఇద్దరిదీ ఒకే మోడల్, ఇద్దరూ నిజమే చెప్తున్నారు. మొదటాయన రోజూ మియాపూర్ నుంచి ఆఫీసుకి పాతిక కిలోమీటర్లు ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ వెళ్తారు. రెండో ఆయన బండి పాపని 2 కిలోమీటర్ల దూరంలో ఉన్న మన స్కూల్ దగ్గర దింపి మళ్ళీ సెల్లార్‌లోకి వెళ్ళిపోతుంది.

నేను స్కూటీ మీద వచ్చే టీచర్ని. కార్ల గురించి నాకేం తెలుసని మీరు అనుకోవచ్చు. మా అక్కావాళ్ళకి హైబ్రిడ్ కారుంది. మీలో చాలామంది చెప్పింది విన్నాను. రోజూ సాయంత్రం గేట్ డ్యూటీలో నిలబడి చూస్తున్నాను. ఆ మూడూ కలిపి ఈ నాలుగు మాటలు.

మనవైపు ఎక్కువగా కనిపించే కాంపాక్ట్ హైబ్రిడ్ ఎస్‌యూవీలు రెండు: టొయోటా హైరైడర్, మారుతీ గ్రాండ్ విటారా. రెండూ 2022లో వచ్చాయి. లోపల ఇంజిన్, మోటారు ఒకటే. కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. ఛార్జింగ్ ప్లగ్ ఉండదు. బ్రేక్ వేసినప్పుడు, వాలులో దిగుతున్నప్పుడు పుట్టే కరెంటు, ఇంజిన్ తిరిగేటప్పుడు మిగిలే కరెంటు బ్యాటరీలోకి వెళ్తాయి. ఆ బ్యాటరీ ఎంతనుకున్నారు? 0.76 కిలోవాట్ అవర్లు. అంటే మన ఇంటి మీటరు మీద ఒక యూనిట్ కూడా కాదు! అంత చిన్నది కాబట్టే అస్తమానం నిండుతూ, ఖాళీ అవుతూ ఉంటుంది. ట్రాఫిక్‌లో బ్రేకులు ఎక్కువ కాబట్టి అక్కడే లాభం. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజిన్ మాత్రం ముందు వేడెక్కాలి. అది వేడెక్కేలోపే మన స్కూల్ వచ్చేస్తే ఇక మైలేజీ ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఎనిమిదో తరగతి పిల్లలతో దీన్నే లెక్కగా చేయించాను. హైబ్రిడ్‌కి 2 లక్షలు ఎక్కువ పెట్టామనుకుందాం. మామూలు బండి లీటరుకు 15, హైబ్రిడ్ 22 ఇస్తాయనుకుందాం. పెట్రోలు 107 రూపాయలనుకుందాం. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగితే మిగిలేది 27 వేలు. పెట్టిన 2 లక్షలు రావడానికి ఏడేళ్ళు దాటుతుంది. 4 వేల కిలోమీటర్లే తిరిగితే మిగిలేది 9 వేలు, పట్టేది 22 ఏళ్ళు. "మేడమ్, నర్సరీ పాప పీజీ చేసేస్తుంది" అన్నాడు వెనక బెంచీ అబ్బాయి. "అమ్మితే వచ్చే రేటు కూడా కలపాలి కదా మేడమ్" అంది ఇంకో అమ్మాయి. నిజమే, కలపాలి. ఆ లెక్క మీ ఇంటి కిలోమీటర్లతో మీరే పిల్లల చేత చేయించండి. వాళ్ళకి యూనిటరీ మెథడ్ ఇంతకంటే బాగా రాదు.

మైలేజీ తర్వాత ఎక్కువగా వినిపించే మాట డిక్కీ. బ్యాటరీ కింద కూర్చోవడంతో చోటు తగ్గుతుంది. అక్కావాళ్ళు సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు రెండు పెద్ద సూట్‌కేసులు పెట్టాక అమ్మ పంపే బియ్యం మూటకి చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ గట్టిగా మూలుగుతుందట. దిగేటప్పుడు బ్యాటరీ నిండిపోతే బావగారికి అదో ఆనందం. ఇంకొకటి, ఇది సెలవులకి ఊరెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది. ఈ బండ్లలో మామూలు 12 వోల్టుల బ్యాటరీ కూడా ఒకటి ఉంటుంది. నెల రోజులు కదపకుండా వదిలేస్తే అది దిగిపోవచ్చు. అది దిగిపోతే పెద్ద బ్యాటరీ ఎంత నిండుగా ఉన్నా బండి మేల్కోదు. వేసవి సెలవులకి వెళ్ళేముందు వారానికోసారి బండిని కాసేపు ఆన్ చేసి ఉంచమని పక్కింటివాళ్ళకి చెప్పి వెళ్ళండి.

ఇవన్నీ మీ డబ్బుకీ మీ సౌకర్యానికీ సంబంధించినవి. నేను రాయాలనుకున్నది గేటు గురించి.

సాయంత్రం 3:40కి మన గేటు ముందు బారు తీరిన కార్లు మీరు చూసే ఉంటారు. ఏసీ కోసం ఇంజిన్లు ఆన్‌లోనే ఉంటాయి. ఆ పొగ సరిగ్గా ఎల్‌కేజీ పిల్లల ముక్కు ఎత్తులో వస్తుంది. హైబ్రిడ్ ఈ విషయంలో నయం. ఇంజిన్ ఆగిపోయినా ఏసీ బ్యాటరీ మీద నడుస్తుంది, కొన్ని నిమిషాలకోసారి మాత్రం ఇంజిన్ లేచి బ్యాటరీ నింపి మళ్ళీ పడుకుంటుంది. ఆ బారులో ఇలాంటి బండ్లు పెరిగితే నాకు సంతోషమే.

కానీ గత డిసెంబరులో ఒకరోజు ఆగి ఉన్న కారు వెనక యూకేజీ బాబు ఒకడు వంగి, దొర్లిపోయిన వాటర్ బాటిల్ మూత తీసుకుంటున్నాడు. కారు వెనక్కి కదిలింది. చప్పుడే లేదు. ఆయమ్మ కేక వేసి రెక్క పట్టుకుని ఇవతలికి లాగింది. లోపలున్న తల్లి అప్పటికే కెమెరాలో చూసి బ్రేక్ వేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె నిర్లక్ష్యంగా నడిపారని నేను అనను. నన్ను ఆపేసింది బాబు మాట. "కారు ఆగే ఉంది కదా ఆయమ్మా, సౌండ్ రాలేదు" అన్నాడు.

వాడు మేం నేర్పిందే చెప్పాడు. రోడ్డు దాటేముందు కుడివైపు చూడు, ఎడమవైపు చూడు, విను అని నర్సరీ నుంచీ చెప్తున్నాం. పిల్లలు, ముఖ్యంగా కార్ల కంటే పొట్టిగా ఉన్నవాళ్ళు, చూసేదానికంటే వినేదే ఎక్కువ. రెండు కార్ల మధ్య నిలబడిన ఐదేళ్ళ పిల్లకి ఏం కనిపిస్తుంది చెప్పండి?

పైగా ఈ రకం హైబ్రిడ్లలో రివర్స్ గేరే ఉండదు. వెనక్కి నడిపేది ఎప్పుడూ మోటారే. అంటే డ్రైవరుకి సరిగా కనిపించని దిక్కులోనే బండి అతి నిశ్శబ్దంగా వెళ్తుంది. ఇది నా భయం మాత్రమే కాదు. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2009లో ఇచ్చిన నివేదికలో, నెమ్మదించేటప్పుడు, వెనక్కి వచ్చేటప్పుడు, పార్కింగ్‌లోకి వచ్చిపోయేటప్పుడు పాదచారుల్ని ఢీకొనే అవకాశం మామూలు కార్ల కంటే హైబ్రిడ్లకి రెండింతలని తేలింది. సరిగ్గా ఈ మూడు పనులే కదా మన గేటు ముందు రోజంతా జరిగేవి! ఐరోపాలో 2019 జూలై నుంచి కొత్త మోడళ్ళు తక్కువ వేగంలో ఏదో ఒక శబ్దం చేసి తీరాలని నిబంధన వచ్చింది. మన దగ్గర గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కి 2023 జూలైలో అలాంటి హెచ్చరిక శబ్దం చేర్చారు. అంతకుముందు కొన్న బండ్లు రోడ్డు మీదే ఉన్నాయి. ఆ శబ్దం ఉన్నా, హారన్లు, ఆటోలు, మన బెల్లు, ఇన్ని మోతల మధ్య చిన్నపిల్లలకి అది వినపడుతుందని నాకు నమ్మకం లేదు.

"మరి హైబ్రిడ్ కొనొద్దంటారా మేడమ్?" అని ఒక అమ్మగారు అడిగారు. లేదండీ. గేటు దగ్గర మాత్రం వెనక్కి తీయొద్దంటాను. ముందుకే వెళ్ళి, పార్కు చుట్టూ తిరిగి రండి, రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. తప్పనిసరై వెనక్కి తీయాల్సి వస్తే అద్దం దించి, రెండుసార్లు చిన్నగా హారన్ కొట్టండి. 'నో హారన్' బోర్డు చూసి మొహమాటపడకండి, ఆ బోర్డు పెట్టిన రోజుల్లో ఇలాంటి బండ్లు లేవు. పాపని తీసుకురావడానికి దిగేముందు మీటరు మీద 'రెడీ' అన్న గుర్తు ఆరిపోయిందో లేదో చూడండి. చప్పుడు లేదు కాబట్టి ఆపేశాననుకుని దిగిపోవడం చాలా తేలిక. వెనక సీట్లో తమ్ముడు ఉంటే ఇంకా జాగ్రత్త.

ఒక ఆదివారం మీ సెల్లార్‌లో పిల్లల్ని గోడ పక్కన, అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడమనండి. కళ్ళు మూసుకోమని చెప్పి, నాన్న కారుని దూరంగా కొంచెం వెనక్కి తీయాలి. ఎప్పుడు కదిలిందో చెప్పమనండి. మా అక్క కూతురు కారు ఆగాక చెప్పింది. ఇప్పుడు ఆ పిల్ల వెనక తెల్ల లైటు వెలిగిందా అని చూస్తుంది. "రివర్స్ లైట్ చూడు" అన్న మాటని మేం కూడా మా రోడ్ సేఫ్టీ పాఠంలో చేర్చాం.

గేటు ముందు సాయంత్రం 3:30 నుంచి 4:15 వరకు ఏ కారూ వెనక్కి తీయకూడదని బోర్డు పెట్టమని ప్రిన్సిపల్ గారిని అడిగాను. తల్లిదండ్రులు ఒప్పుకుంటారా అన్నారు. మీ అభిప్రాయం పిల్లల డైరీలో ఒక్క లైను రాసి పంపండి. మీది హైబ్రిడ్ గానీ, ఎలక్ట్రిక్ గానీ అయితే బండి నంబరు కూడా రాయండి. ఏ బండి చప్పుడు చేయదో మా ఆయమ్మకీ, వాచ్‌మన్‌కీ ముందే తెలిసి ఉండాలి.