ముప్ఫై రెండేళ్లు రోడ్డు కింద!

1944 జూన్ 6. ఫ్రాన్సులోని నార్మండీ తీరంలో గ్రే-సుర్-మేర్ అనే చిన్న ఊరు. పడవల్లోంచి దిగిన సైన్యం ఊళ్లోకి వెళ్లాలంటే ఒకటే దారి. ఆ దారిలో నీళ్లు నిండిన పెద్ద గుంత. దాన్ని పూడ్చడానికి కట్టెల మోపుతో వచ్చిన బ్రిటిష్ ట్యాంకు 'వన్ చార్లీ' తనే జారి అందులో పడిపోయింది. లోపలున్న ఆరుగురూ ఎలాగో బయటపడి ఇసుక దిబ్బల చాటుకు చేరారు. అంతలో మోర్టారు గుండు వచ్చి పడింది. కొందరు అక్కడికక్కడే చనిపోయారు.

ట్యాంకును పైకి లాగే తీరికెక్కడిది? దాని మీదే వంతెన వేసేశారు. వెనకొచ్చిన బండ్లన్నీ ఆ నెత్తిమీదుగానే వెళ్లాయి!

యుద్ధం చేయడానికి కాదు, దారి చేయడానికి పుట్టిన ట్యాంకులివి. 1942 ఆగస్టు 19న డియెప్ దాడిలో, అడ్డుగోడలు పేల్చాల్సిన ఇంజినీర్లలో చాలామంది ఆ పని మొదలెట్టకముందే తూటాలకు బలయ్యారు. వాళ్లను ట్యాంకులోనే కూర్చోబెడితే? కెనడా సైన్యంలోని డెనోవన్ అనే ఇంజినీరుకు వచ్చిన ఆలోచన ఇది. అలా చర్చిల్ ట్యాంకు 'ఏవీఆర్ఈ'గా మారింది. పొడవాటి ఫిరంగి పోయి లావాటి పొట్టి గొట్టం వచ్చింది. కాంక్రీటును బద్దలుకొట్టే 18 కిలోల గుండు విసురుతుంది. తిరకాసల్లా గుండు ఎక్కించడంలోనే. ముందు కూర్చున్న సైనికుడు తలుపు జరిపి, చేతులు బయటపెట్టి పైకి తోయాలి. బయటేమో తూటాల వాన!

మందుపాతరల సంగతి 'క్రాబ్' చూసుకునేది. షెర్మన్ ట్యాంకు ముందు గిరగిరా తిరిగే డ్రమ్ము, దానికి 43 గొలుసులు. కల్లంలో కంకులు బాదినట్టు నేలను బాదుకుంటూ పోయేది. పాతర పేలితే గొలుసు తెగేది, మనిషి బతికేవాడు. వేగం మాత్రం గంటకు రెండు కిలోమీటర్లు. నడకలో సగం కూడా కాదు. ఈ వింత ట్యాంకుల దళాన్ని నడిపించిన మేజర్ జనరల్ హోబర్ట్ పుట్టింది ఎక్కడనుకున్నారు? మన నైనిటాల్‌లో!

వీటన్నిటిలో వాడేవాళ్లనే భయపెట్టింది 'కాంగర్'. రాకెట్‌తో ఓ ఖాళీ గొట్టాన్ని మూడొందల మీటర్ల దూరం మందుపాతరల మీదుగా విసిరి, అందులోకి నైట్రోగ్లిజరిన్ కలిసిన ద్రవాన్ని పంపి పేల్చేవారు. దారంతా ఒక్కసారే శుభ్రం. కానీ ఆ ద్రవం కుదుపును ఓర్చుకోదు. 1944 అక్టోబరు 20న నెదర్లాండ్స్‌లోని ఐజెన్‌డైక్ దగ్గర దాన్ని సర్దుతుండగానే పేలింది. నలభై మంది దాకా పోయారు.

ఇప్పుడు ఇలాంటి బండ్లను బాగుచేసేవాళ్లకు ఇనుముతో పెద్ద ఇబ్బంది లేదు. తుప్పు గీకొచ్చు, గొలుసు అతకొచ్చు. కొలతలు తెలియకపోతే అప్పటి సైనిక చేతిపుస్తకాలు, దళాల డైరీలు, ఫొటోలు ఉన్నాయి. జాగ్రత్తంతా మందు దగ్గరే. నైట్రోగ్లిజరిన్ పాతబడితే చల్లబడదు, ఇంకా మొండికేస్తుంది. అందుకే నేలలోంచి గుండు ఏదైనా బయటపడితే ముట్టుకోకుండా బాంబు నిర్వీర్య దళాన్ని పిలవాలి. అంతా అచ్చం అప్పటిలాగే ఉండాలని పట్టుబట్టే వీరాభిమానులు కూడా గుండ్ల దగ్గరికొచ్చేసరికి ఖాళీ నమూనాలతోనే సరిపెట్టుకోవాలి. కాస్త నిరాశే, అయినా తప్పదు.

ఇంతకీ వన్ చార్లీ ఏమైందంటారా? యుద్ధం ముగిసినా అది రోడ్డు కిందే ఉండిపోయింది. 1976లో బ్రిటిష్ సైన్యం తవ్వి బయటికి తీసి, శుభ్రం చేసి, రంగులేసింది. జారిపడిన చోటుకు దగ్గర్లోనే, సముద్రానికి వెళ్లే దారి పక్కన నిలబెట్టింది.