కుక్క ఏడిస్తే ఎవరు పోతారు?

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ముద్దుగా పెంచుకుంటున్న కుక్క చచ్చిపోతే, చూడటానికి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "బాధపడకు బిడ్డా, మీ ఇంటికి వచ్చే గండం అది మోస్కపోయింది." ఓదార్చడానికి అన్న మాటే. కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషి ముందు తర్కం తీయాలని నాకూ ఉండదు. కానీ ఆ మాట ఓదార్పు దగ్గర ఆగదు. కొన్నాళ్లకు ఇంకో కుక్కపిల్లను తెస్తారు. అదీ వాంతులతో, నెత్తురు విరేచనాలతో నాలుగు రోజుల్లో పోతుంది. ఇక తీర్పు వచ్చేసినట్టే: "ఈ ఇంటికి కుక్క అచ్చిరాదు."

ఆ లక్షణాలు చెబితే పశువుల డాక్టరు మొదట అనుమానించేది పార్వో వైరస్‌ను. 1978 ప్రాంతంలో ప్రపంచమంతటా కుక్కల్లో ఒక్కసారిగా బయటపడిన జబ్బు ఇది. జబ్బుపడిన కుక్క మలంతో వాకిట్లో మట్టిలోకి చేరిన వైరస్ నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా చెక్కుచెదరదు. సబ్బునీళ్లకు చావదు, బ్లీచింగ్‌కు చస్తుంది. టీకా పడని రెండు నెలల పిల్లను తెచ్చి అదే వాకిట్లో వదిలితే ఏమవుతుందో చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ మళ్లీ వేయించాలి. పెద్ద కుక్కల ప్రాణం తీసేవాటిలో గోమార్లు అంటించే జ్వరం ఒకటి. దానికీ మందులున్నాయి. గండం పోయిందని నమ్మినవాడు బ్లీచింగ్ చల్లడు, గోమార్లు ఏరడు. నా కోపమంతా అక్కడే.

ఇలాంటి ఇంటికి మళ్లీ కుక్క కావాలంటే పసిపిల్ల కన్నా టీకాలు పడిన పెద్ద కుక్క మేలు. వీధిలోనో షెల్టర్‌లోనో అలాంటివి ఎన్నో ఉంటాయి, కానీ వాటికి ముందే పేర్లు పడి ఉంటాయి. నల్లగా ఉంటే శని. పెంచిన మనిషి చనిపోతే "యజమానిని మింగింది." చెవి కొస కత్తిరించి ఉంటే కొట్లాటమారిది. నిజానికి ఆ చెవి గాటు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసినందుకు పెట్టే గుర్తు. అంటే ఊరి కుక్కల్లో భయపడాల్సిన అవసరం తక్కువున్న కుక్క అదే.

అన్నిటికన్నా పెద్ద నేరం రాత్రి ఊళ పెట్టడం. "రాత్రంతా కుక్క ఏడ్చింది, ఎవలకు మూడిందో ఏమో" అంటారు. యమదూతలు దానికి కనబడతారట. కొంచెం లెక్క వేద్దాం. మన దేశంలో ఏటా వెయ్యి మందికి సుమారు ఆరేడుగురు చనిపోతారు. నాలుగు వేల మంది ఉన్న ఊళ్లో ఏడాదికి పాతిక మంది, అంటే సగటున రెండు వారాలకొక చావు. కుక్కలు ఊళ పెట్టేది అంతకన్నా ఎక్కువసార్లే. కుక్క ఏ రాత్రి ఏడ్చినా పదిహేను రోజులు ఓపిక పడితే చాలాసార్లు ఊళ్లో ఒక చావు దొరుకుతుంది. ఎవరూ పోని వారాలను ఎవరూ గుర్తుపెట్టుకోరు. కుక్క తోడేలు సంతతి. తన చోటు చెప్పడానికి, విడిపోయినవాటిని పిలవడానికి, దూరంగా ఇంకో కుక్క గొంతెత్తితే బదులివ్వడానికి ఊళ పెడుతుంది. అంబులెన్స్ సైరన్‌కూ పెడుతుంది. ఆ అంబులెన్స్ ఎటు పోతుందో ఆలోచిస్తే సగం "శకునాలు" అక్కడే తేలిపోతాయి. మంచాన పడిన మనిషి ఒంటి వాసనలో మార్పును కుక్క పసిగట్టవచ్చు, దాని ముక్కు అంత గొప్పది. అప్పుడది జబ్బును వాసన చూసింది. చావును పిలిచిందనడం మన కల్పన. యజమాని పోయాక వీధిలో ఊళ పెట్టే కుక్క, తినడానికీ పడుకోవడానికీ అలవాటైన చోటు పోగొట్టుకున్న జంతువు. మనం దాని దుఃఖాన్నే దాని నేరంగా రాసేశాం.

ఈ నమ్మకాలు ఒకదానితో ఒకటి పొసగవు కూడా. శనివారం దోషం పోవడానికి నల్ల కుక్కకు రొట్టె పెట్టేదీ మనమే, మర్నాడు అదే కుక్క గడప తొక్కితే రాయి విసిరి నీళ్లు చల్లేదీ మనమే. కాలభైరవుడి పక్కన, దత్తాత్రేయుడి కాళ్ల దగ్గర కుక్కకు దండం పెడతాం, అదే ఇంట్లోకి వస్తే మైల అంటాం. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుర ఆస్తి కుక్కలూ గాడిదలే అని, వాళ్లు ఊరి బయటే ఉండాలని శాసించింది. కుక్క మైల అన్న భావన ఎవరిని దూరం పెట్టడానికి పనికొచ్చిందో అక్కడ స్పష్టంగా ఉంది. కుక్కను ఇంట్లోకి రానివ్వని ఆచారాన్ని వట్టి పరిశుభ్రత అని సమర్థించేవాళ్లు ఆ అధ్యాయం ఒకసారి తిరగేయాలి.

మహాభారతం మొదట్లో సరమ కథ ఉంది. నన్నయ తెలుగులోనూ ఉంది. జనమేజయుడి యాగం దగ్గర ఆడుకుంటున్న కుక్కపిల్లను, అది దేన్నీ ముట్టకపోయినా, రాజు తమ్ముళ్లు కొడతారు. తల్లి సరమ వచ్చి నిలదీస్తుంది, శపిస్తుంది. ఆమె శాపం నేను నమ్మను. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం నేటికీ జవాబు లేనిదే: నా బిడ్డ ఏ తప్పు చేశాడు?

ఆ ప్రశ్న పొన్నకల్‌లో అడగాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరి మధ్యలో, మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకల్ మండలంలోని ఆ ఊరికి రాత్రిపూట కారులో వచ్చినవాళ్లు వీధి కుక్కలను తుపాకీతో కాల్చుకుంటూ పోయారు. ఇరవై దాకా చచ్చాయి. మార్చిలో ముగ్గురిని అరెస్టు చేసిన పోలీసులు చెప్పిన కారణం వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది: వాళ్లలో ఒకరి అత్తవారింటి పెంపుడు కుక్కను వీధి కుక్కలు చంపాయట. అదే నిజమైతే, కుక్క మీద ప్రేమే ఇరవై కుక్కలను చంపింది. దీన్ని మూఢనమ్మకం అనరు, నేనంటాను. ఒక చావుకు కారణం వెతకడం కష్టం, దొరికిన జాతి మొత్తం మీద మోపడం తేలిక. నల్ల కుక్కను వెళ్లగొట్టే ఇల్లూ ఆ లెక్కే వేస్తుంది, ఆయుధమే వేరు.

భయం మొత్తం భ్రమ అని నేను అనడం లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ని వీధి కుక్కలు చంపాయి. ఆ తల్లిదండ్రులకు జంతుప్రేమ పాఠం చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఇక కుక్క కాటుతో వచ్చే రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు ఉండదు. కాబట్టే కరిచిన చోట పసుపు, కారం, సున్నం అద్దే అలవాటంటే నాకు కుక్క కన్నా ఎక్కువ భయం. పాశ్చర్ 1885లోనే రేబిస్ టీకా వేసి చూపించాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం ఇంకా పోలేదు గానీ, గొర్రె మెదడుతో చేసే ఆ పాత మందు మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. కరిచిన చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి దవాఖానకు పోవాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో సూదులు, చర్మం తెగి నెత్తురొస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా.

పేరు పడిన కుక్కను ఇంటికి తెచ్చేవాళ్లు అడగాల్సినవి టీకా కార్డు, ఆపరేషన్ అయిందా లేదా, ఇదివరకు ఎవరినైనా కరిచిందా, కరిస్తే ఏ పరిస్థితిలో అన్నవి. రంగు, తెచ్చిన వారం, పాత యజమాని జాతకం అక్కర్లేదు. పోయిన కుక్క పేరు దీనికి పెట్టకపోవడమే మంచిది. అదే తిరిగి పుట్టిందని ఇంట్లో ముసలమ్మ అంటే అననివ్వండి గానీ, పాతదానిలా తోక ఊపలేదని దీన్ని తిట్టొద్దు. మొదటి వారాల్లో మంచం కిందికి దూరుతుంది, తిండి గిన్నె దగ్గరికి చెయ్యి పోతే గుర్రుమంటుంది. అప్పుడు పక్కింటివాళ్లు "చెప్పలే?" అంటారు. గుర్రుమనడం అది చేసే హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే కుక్క మారదు, హెచ్చరిక మాత్రం పోతుంది. తర్వాత ఎప్పుడో చప్పుడు చేయకుండా కరుస్తుంది, ఆ కాటును ఇంట్లోవాళ్లు మళ్లీ శని ఖాతాలో రాస్తారు.