ఊడ్చే పని పర్మినెంటు – ఊడ్చే చెయ్యి టెంపరరీ!



తెల్లవారుజామున ఆరు గంటలకు మన బీదర్‌లో ఏ సర్కారు ఆఫీసు ముందుకైనా పోయి నిలబడి చూడండి. సార్లు ఇంకా నిద్ర లేవలేదు. తాళాలు తీసి, మెట్లు ఊడ్చి, పాయఖానాలు కడిగి, నీళ్లు పట్టే ఆడమనుషులు మాత్రం అప్పటికే పనిలో ఉంటారు. అందులో ఒక అక్కను అడగండి: "అక్కా, ఎన్నేండ్లయింది ఈ పనిలో?" "పన్నెండేండ్లయింది అన్నా." "నీ యజమాని ఎవరు?" అక్కడ ఆ అక్క నోరు మూతపడుతుంది. పోయిన సాలు ఒక కాంట్రాక్టర్, ఈ సాలు ఇంకొకరు. బిల్డింగు అదే, చీపురు అదే, ఆఫీసరు కుర్చీ అదే. టెండరు మారిన ప్రతిసారీ ఆమె సర్వీసు మాత్రం మళ్లీ ఒకటో తారీఖు నుంచే మొదలు.

ఇది ఎవరి కథో కాదు, మన కథే. మిల్లులో బదిలీ కార్మికుడిగా పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, జాబర్ ముఖం వైపు చూసిన తండ్రుల బిడ్డలం మనం. ఆ జాబరే ఇప్పుడు 'ఏజెన్సీ' అని బోర్డు పెట్టుకుని తిరిగి వచ్చాడు. మిల్లుల్లో కాంట్రాక్టు ఎట్లా జొరబడిందో గుర్తు చేసుకోండి. మొదట క్యాంటీన్ ఇచ్చారు, మనం మాట్లాడలేదు. తర్వాత వాచ్‌మెన్లను ఇచ్చారు. తర్వాత ఊడ్పు, ఆ తర్వాత బేళ్ల హమాలీ. "మన ఖాతా కాదు కదా" అనుకుంటూ కూర్చున్నాం. చివరకు మిషను దగ్గరికే వచ్చింది. సర్కారు ఆఫీసులో ఊడ్చే అక్క విషయంలో నోరు మూసుకుంటే రేపు జరిగేదీ అదే.

ఔట్‌సోర్సింగ్‌ను సమర్థించే వారు మూడు మాటలు చెబుతారు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి మాట: "సర్కారుకు ఖర్చు తగ్గుతుంది." ఎట్లా తగ్గుతుంది? కార్మికురాలి కూలీ, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. అన్నీ సర్కారు బిల్లులోంచే పోవాలి. దాని మీద ఏజెన్సీ సర్వీసు చార్జీ అదనం. నడుమ ఒక మనిషి తింటూ ఉంటే ఖర్చు తగ్గడమంటే అర్థం ఒక్కటే: కింది మనిషి కడుపులోంచి తగ్గుతుంది. సాధారణంగా గ్రాట్యుటీకి అయిదేండ్ల ఎడతెగని సర్వీసు కావాలి. ఏడాదికో రెండేండ్లకో టెండరు మారితే అయిదేండ్లు ఎప్పటికి నిండాలి? వాళ్లు చెప్పే పొదుపు ఇదే!

రెండో మాట: "ఊడ్చడం అసలు పని కాదు, పక్క పని." ఈ మాట ఇప్పుడు చట్టంలోకే ఎక్కింది. 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం కింద, 1976 డిసెంబరు 9న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. కేంద్ర పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్చడం, శుభ్రం చేయడం, దుమ్ము దులపడం, కాపలా పనులకు కాంట్రాక్టు కార్మికులను పెట్టడాన్ని నిషేధించింది. 1996లో ఎయిర్ ఇండియా కేసులో, నిషేధం ఉన్న చోట ఆ కార్మికులను సంస్థే తీసుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. అయిదేండ్లు తిరగకముందే, 2001 ఆగస్టు 30న, స్టీల్ అథారిటీ కేసులో అదే కోర్టు ఆ తీర్పును తిరగదోడి నోటిఫికేషన్‌ను కూడా కొట్టేసింది. 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన లేబర్ కోడ్ పాత చట్టాన్నే తుడిచిపెట్టింది. సంస్థ పెట్టిందే ఆ పని కోసమైతే తప్ప, ఊడ్పు, కాపలా, క్యాంటీన్, తోటపని, ఎత్తుడు దింపుడు 'ముఖ్య పనులు' కావని రాసింది. పాత చట్టం 20 మంది కాంట్రాక్టు కార్మికులున్న చోటికి వర్తించేది. కొత్త కోడ్ 50 మంది ఉంటేనే వర్తిస్తుంది.

ముఖ్యం కాదట! ఒక్క వారం ఆసుపత్రి వార్డు ఊడ్చకండి, ఆపరేషన్ థియేటర్ కడగకండి. డాక్టరు గారి పని ముఖ్యమా, ఊడ్చే అక్క పని ముఖ్యమా రోగులే చెబుతారు. మిల్లులో బ్లో రూం దగ్గర పత్తి దుమ్ము తీయకపోతే నిప్పు అంటుకోవడానికి ఎంతసేపు?

మూడో మాట మన బీదర్‌కు సంబంధించినది, కాబట్టి జాగ్రత్తగా వినాలి. ప్రైవేటు ఏజెన్సీల బదులు జిల్లా స్థాయిలో కార్మికుల సహకార సంఘం ద్వారా సర్కారు ఆఫీసులకు మనుషులను ఇచ్చే పద్ధతి మన జిల్లాలో వచ్చింది. దీన్నే 'బీదర్ మోడల్' అని బెంగళూరులో మంత్రులు మెచ్చుకుంటున్నారు, మిగతా జిల్లాలకూ తెస్తామంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూలైలో మొదలైన ఆప్కోస్ కూడా ఇదే దారి. మంచిని మంచి అనాలి. దళారీ కమీషను పోయి, జీతం బ్యాంకు ఖాతాలో పడితే అది లాభమే. దాన్ని మనం వదులుకోవద్దు.

కానీ సొసైటీ వచ్చినంత మాత్రాన ఆ అక్క సర్కారు ఉద్యోగి అయిందా? కాలేదు. పని చెప్పేది ఆఫీసరు, పొమ్మనేది ఆఫీసరు, యజమాని అని కాగితంలో ఉండేది మాత్రం సొసైటీ. ముసుగు పాతది తీసి కొత్తది వేశారు, అంతే. దాన్ని మెట్టుగా ఎక్కుదాం, మంచం వేసుకుని పడుకోవద్దు.

ఇంకొకటి. 2012లో రాజ్యాంగ సవరణ ద్వారా 371(జె) సాధించుకున్నాం. దాని కింద కళ్యాణ కర్ణాటక స్థానికులకు గ్రూప్ డి ఉద్యోగాల్లో 85 శాతం కేటాయించారు. మరి గ్రూప్ డి పనినే టెండరుకు ఇచ్చేస్తే ఆ 85 శాతం దేనిలో? ఖాళీ కంచంలో పెద్ద వాటా అన్నట్టుంది!

గెలవలేమా? గెలిచినవారు మన కళ్ల ముందే ఉన్నారు. బెంగళూరు పౌరకార్మికుల్లో చాలామంది తెలుగు మాట్లాడే దళిత కుటుంబాల వాళ్లే. కాంట్రాక్టర్‌ను తప్పించి నేరుగా జీతం ఇవ్వాలని మొదట పోరాడి సాధించుకున్నారు. అక్కడ ఆగలేదు. 2022 జూలైలో చీపుర్లు కింద పెట్టి నాలుగు రోజులు సమ్మె చేశారు. 2025 మే డే నాడు 12,692 మంది చేతికి పర్మినెంటు ఆర్డర్లు వచ్చాయి. అందరికీ ఇంకా రాలేదు, కానీ దారి మాత్రం తెలిసింది.

కోర్టులోనూ గాలి కొంత మారింది. 2006లో మన కర్ణాటక నుంచే పోయిన ఉమాదేవి కేసు తీర్పును చూపి ఇన్నాళ్లూ అందరినీ గెంటేశారు. 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో, కేంద్ర జల సంఘంలో ఏండ్ల తరబడి ఊడ్చిన ఆడవాళ్లను తొలగించడం తప్పని, వారిని పర్మినెంటు చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉమాదేవి తీర్పును కార్మికుల మీద ఆయుధంగా వాడుకోవద్దనీ, ఔట్‌సోర్సింగ్‌ను అడ్డం పెట్టుకోవద్దనీ ప్రభుత్వ సంస్థలకు గట్టిగా చెప్పింది. అయితే తీర్పు దానంతట అది బీదర్‌కు నడిచి రాదు. మనమే తేవాలి.

మన డిమాండ్లు:

1. ఏడాది పొడవునా ఉండే ఊడ్పు, కాపలా, మరమ్మతు పనులకు మంజూరైన పోస్టులు సృష్టించాలి.
2. టెండరు మారినా మనుషులను మార్చవద్దు, పాత సర్వీసు లెక్కించాలి.
3. ఏడో తారీఖులోపు జీతం ఖాతాలో పడాలి. కాంట్రాక్టర్ ఎగ్గొడితే ఆఫీసే చెల్లించాలి. చట్టం చెప్పేదీ అదే.
4. సమాన పనికి సమాన వేతనం. 2016లోనే సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది.

మిల్లు కార్మికులు చేయవలసింది కూడా ఉంది. మీ ఇంట్లో, మీ గల్లీలో ఇట్లా పనిచేసే అక్క, చెల్లె, వదిన ఉంటే హాజరు కాగితం, ఇ.ఎస్.ఐ. కార్డు, పి.ఎఫ్. నంబరు, బ్యాంకు పాస్‌బుక్ నకలు దాచుకోమని చెప్పండి. ఎన్నేండ్లు పనిచేసిందో రుజువు లేనిదే ఏ కోర్టూ వినదు. వారిని గేటు మీటింగుకు వెంటబెట్టుకుని రండి. వారి చేతిలో చీపురు, మన చేతిలో కండె. రెండింటి మీదా కన్ను వేసింది ఒకే దళారీ.

కాంట్రాక్టు విధానం నశించాలి!
కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!